స్టిక్కర్ మామిడి టెంక

కొత్తవాడ, వరంగల్
జూన్ 9

సారలమ్మ వదినకు,

వినోద రాస్తున్నది. భయపడకు, ఎవరూ పోలేదు. ఈ రోజుల్లో చేత్తో రాసిన ఉత్తరం వస్తే ముందు ఆ అనుమానమే వస్తుంది కాబట్టి మొదటి లైన్లోనే చెప్పేస్తున్నాను.

నిన్న నీకు ఫోన్ చేశాను, గుర్తుందా? "మా ఇంటాయన మగ్గం గుంటల పడ్డడు వదినా, నడుము పట్టింది" అన్నాను. నువ్వు "మంచిదే, మంచిదే" అన్నావు. నిజానికి ఆయన విషయంలో నాకూ అట్లాగే అనిపించింది, కానీ వియ్యపురాలు అనాల్సిన మాట కాదు కదా. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. వాడకట్టులో ముగ్గురు నొప్పుల నూనె పట్టుకుని పరుగెత్తుకొచ్చారు, నీకు మాత్రం వినిపించలేదు. చెవిటివాడి ముందు శంఖం అంటారే, ఆ శంఖం ఊది ఊది నాకు ఆయాసం వచ్చింది. నువ్వేమో చెవి మిషన్ పెట్టుకోనంటావు. అందుకని ఇవాళ్టి నుంచి ఉత్తరాలే.

ఇప్పుడు అసలు సంగతి. నీ కొడుకు సుదర్శన్ మొన్న ఆదివారం మా వాసంతిని తీసుకుని వచ్చాడు. చేతిలో సంచి. సంచిలో హనుమకొండ సూపర్‌మార్కెట్‌లో కొన్న మామిడిపండ్లు. ఒక్కో పండుకు ఒక్కో స్టిక్కర్. పరకాలలో తల్లి నలభై ఏళ్లుగా మామిడి అంట్లు కట్టి జిల్లా అంతా అమ్ముతుంటే, కొడుకు స్టిక్కర్ పండ్లు కొనుక్కుంటున్నాడు. "అత్తా, జర మా అమ్మకు చెప్పకు" అని బతిమాలాడు. అందుకే చెప్తున్నాను.

పండు బాగానే ఉంది. టెంక పారెయ్యబుద్ధి కాలేదు. మా పెరట్లో, ఆయన జంపఖానాల నూలుకు రంగు వేసే గంగాళం పక్కన, పగిలిన కుండీ ఒకటి ఉంది. అందులో పెడతాను. చెట్టవుతుంది, కాయలు కాస్తుంది, ఆవకాయ పెట్టి నీకొక జాడీ పంపిస్తాను. ఏమంటావు? "మంచిదే" అని మాత్రం రాయకు.

వినోద

పరకాల
జూన్ 16

వినోదా,

ఉత్తరం అందింది. మా పోస్ట్‌మన్ వినయ్ గేటు దగ్గరే ఆగి రెండు పక్కలా తిప్పి చూశాడు. "ఎవలు రాసిండ్రమ్మా? నోటీసు అయితే కాదు" అన్నాడట. అన్నాడట అని ఎందుకంటున్నానంటే, పక్కింటి మొగిలమ్మ నేల మీద పుల్లతో రాసి చూపించింది.

అన్నయ్య నడుము ఎట్లా ఉంది? ఫోన్‌లో ఎవరేమన్నా నేను "మంచిదే" అంటాను. పదింట తొమ్మిది సార్లు సరిపోతుంది. చెవి మిషన్ మాట మాత్రం ఎత్తకు. అరవై ఏళ్లు చెవులు నిండా విన్నాను. అందులో పనికొచ్చిన మాటలు ఒక చేతి వేళ్లకు చాలు. ఈ నాలుగేళ్లుగా వినిపించక నేను పోగొట్టుకున్నదేమీ లేదు.

ఇక నా కొడుకు. వాడికి మాటలు రాకముందే మామిడి జాతుల పేర్లు వచ్చేవి. వాడు స్టిక్కర్ పండు కొన్నాడా? రానీ, వాడి నుదుటికి ఒకటి అంటిస్తాను.

నీ సంగతి చూస్తే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంది. టెంక తడవకముందే ఆవకాయ జాడీయా? నా మాట విను. గింజ నుంచి వచ్చిన మామిడి తల్లిచెట్టులా కాస్తుందన్న నమ్మకం లేదు. పీచు రావచ్చు, పులుపు రావచ్చు, అసలు కాయే రాకపోవచ్చు. అందుకే మేం తెలిసిన చెట్టు కొమ్మ తెచ్చి గింజ మొక్క మీద అంటు కడతాం. వేరు ఎవరిదైనా కాయ మన కొమ్మది. ఏ కొమ్మదో చెప్పకుండా నేను ఇంతవరకు ఒక్క మొక్క అమ్మలేదు. పైగా అది ఫ్రిజ్జులో పడుకున్న టెంక. మొలవదు.

మొలవదని తెలిసీ చెప్తున్నాను, నా చేతికి ఊరుకోవడం చేతకాదు. టెంక కడిగి ఆరబెట్టు. అంచు కత్తిరించి లోపలి జీడి బయటికి తియ్యి, తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టు. వేరు కనిపించాక మట్టిలో పెట్టు. వాన నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది, జాగ్రత్త.

పందెం. అది మొలిస్తే నేను చెవి మిషన్ పెట్టించుకుంటాను. మొలవకపోతే నువ్వు నాకొక జంపఖానా, ఎర్ర అంచుది.

ఇంకొక మాట. పిల్లల పెళ్లయి తొమ్మిదేళ్లు నిండాయి. వాసంతి దవాఖానకు పోతున్నదా, మానేసిందా? సుదర్శన్‌ని అడిగితే బస్సు టైమైందంటాడు. నువ్వైనా చెప్పు.

సారలమ్మ

కొత్తవాడ
జూలై 7

వదినా,

మొలిచింది!

వారానికే గుడ్డ విప్పితే తెల్లటి వేరు. ఇవాళ మట్టిలోంచి నిటారుగా లేచింది, మీద నాలుగు ఎర్రటి లేత ఆకులు. మా ఇంటాయన నడుము నొప్పి మరిచిపోయి వంగి చూశాడు, తర్వాత లేవలేక అరగంట అట్లాగే ఉన్నాడు. లేపడానికి మళ్లీ ఆ నొప్పుల నూనె వాళ్లనే పిలిచాను.

ఏ చెవికి పెట్టించుకుంటావో రాయి, కుడికా ఎడమకా?

నువ్వు అడిగిన మాటకు జవాబు. దవాఖాన మానేసి మూడేళ్లు దాటింది. ఇక సూదులు వద్దని వాసంతే అన్నది, సుదర్శన్ కూడా సరేనన్నాడు. అంతకంటే చెప్పాల్సింది ఇంకా ఉంది. రాద్దామని రెండుసార్లు కాగితం తీశాను. ఇవాళ మాత్రం మొక్క సంతోషంలో ఉన్నాను, దీన్ని పాడుచేసుకోను.

వినోద

పరకాల
జూలై 15

వినోదా,

మొలవడం గొప్పా? చెత్తకుప్ప మీద కూడా మొలుస్తుంది. పందెం అంటే బతకాలి అని అర్థం. దసరా దాకా బతకనీ, అప్పుడు చూద్దాం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటున్నానని నువ్వు అనుకుంటావు. అనుకో, నాకు వినిపించదు.

చెప్పాల్సింది ఉంది అని రాసి చెప్పకుండా వదిలావు. ఇదేం పద్ధతి? వారం రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. వాళ్లిద్దరూ విడిపోతున్నారా? నా కొడుకు ఏమైనా అన్నాడా? వాడు అనేవాడు కాదు, కానీ స్టిక్కర్ పండు కొన్నవాడిని ఇక దేనికీ నమ్మలేను. తొందరగా రాయి.

మొక్కకు వానలో కుండీ నిండకుండా చూడు. రేకుల కిందికి జరుపు.

సారలమ్మ

కొత్తవాడ
సెప్టెంబర్ 12

వదినా,

రెండు నెలలు ఊరుకున్నందుకు తిట్టు. తిట్టడానికి ఇంకా రెండు కారణాలు ఇస్తున్నాను.

మొదటిది. మొక్క చచ్చిపోయేలా ఉంది. నువ్వు చెప్పినట్టే రేకుల కిందికి జరిపాం. అక్కడే రంగు గంగాళం. నేను రోజూ ముంతెడు నీళ్లు పోస్తుంటే, మా ఇంటాయన నాకు తెలియకుండా చల్లారిన రంగు నీళ్లు పోస్తున్నాడు. "ఉత్తగ మోరీల పారబోసుడెందుకు, చెట్టన్న తాగుతది" అంటాడు. రంగు పట్టడానికి అందులో దోసిళ్ల కొద్దీ ఉప్పు వేస్తాం వదినా! ఆకుల అంచులన్నీ కాలినట్టు నల్లబడ్డాయి. నలభై ఏళ్లుగా ఉప్పు వేసే మనిషికి ఉప్పు సంగతి గుర్తు రాలేదు. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

రెండోది. సుదర్శన్, వాసంతి మూడేళ్ల కిందట పిల్లను దత్తత తీసుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నారు. ఆఫీసు నుంచి మనిషి వచ్చి ఇల్లు చూసి, మమ్మల్ని ప్రశ్నలు అడిగి పోయింది. వరుస ఇప్పుడు వచ్చింది. ఆడపిల్ల, ఏడాదిన్నర. ఫోటో చూశారు, సరేనన్నారు. వచ్చే నెల ఇంటికి తెస్తున్నారు. విడిపోవడం కాదు వదినా, ముగ్గురవుతున్నారు.

నీకు చెప్పలేదని అనకు. సుదర్శన్ అప్పుడే నీకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. "అమ్మా, మేం పిల్లను తెచ్చుకుంటాన్నం" అన్నాడు. నువ్వు "మంచిదే, మంచిదే" అన్నావు. వాడు ఫోన్ పెట్టేసి, "అమ్మ ఒప్పుకుంది" అన్నాడు. నీకు వినిపించలేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఆ పిల్ల తల్లిదండ్రులెవరో తెలియదు. ఈ గింజ కూడా ఏ తోటదో తెలియకుండానే మొలిచింది కదా. ఆలోచించు.

వినోద

పరకాల
సెప్టెంబర్ 18

శ్రీమతి వినోద గారికి,

రంగు నీళ్లు వెంటనే ఆపండి. కుండీ అడుగు రంధ్రం తెరిచి, మంచినీళ్లు బకెట్ల కొద్దీ పోసి ఉప్పు కిందికి పోనివ్వండి. మూడు రోజులు వరుసగా చెయ్యండి. కాలిన ఆకులు తెంపకండి, కొత్తవి వచ్చేదాకా వాటితోనే బతుకుతుంది. ఆ మట్టిని మార్చాలి. పట్నం మట్టి పనికిరాదు.

మొక్క సంగతి అంతే.

నేను చెవిటిదాన్ని, మొద్దుదాన్ని కాదు. గింజ కథ చెప్పి పిల్ల కథ మింగించాలని చూశారు. మామిడి గురించి నాకు మీరు పాఠం చెప్తారా? మూడేళ్లు. ప్రతి పండుగకూ నా ఇంట్లో అన్నం తిని, నా కొడుకు, నా కోడలు, మీరు, అన్నయ్య, నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మధ్యలో కూర్చుని "ఇంకొంచెం కూర వేసుకోండి" అన్నాను. చెవి వినపడనిదాన్ని మోసం చెయ్యడం చాలా తేలిక. నా "మంచిదే"ని నా మీదికే తిప్పారు.

పిల్ల వస్తే రానివ్వండి. నేను రాను. మిషన్ పందెం కూడా రద్దు.

సారలమ్మ

కొత్తవాడ
అక్టోబర్ 20

వదినా,

నువ్వు "మీరు" అన్నా నేను "నువ్వు" అనే అంటాను, నాకు కొత్త అలవాట్లు పట్టవు.

పిల్ల వచ్చి పది రోజులైంది. పేరు సరస్వతి. పిల్లలున్న ఆ హోంలో ఎవరు పెట్టారో, ఏడాదిన్నర పిల్లకు డెబ్బై ఏళ్ల పేరు. మార్చమన్నాను. "పిలిస్తే తిరిగి చూసేది గా పేరుకే అమ్మా, ఎట్ల మారుస్తం?" అన్నది వాసంతి. పిల్ల మొదటి రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు సుదర్శన్ చెప్పు ఒకటి మోరీలో వేసింది. ఇప్పుడు ఇల్లంతా తనదే.

తప్పు చేశాం, ఒప్పుకుంటున్నాను. నీకు కాగితం మీద రాసి చూపించాల్సింది. కానీ ఎందుకు రాయలేదో కూడా విను. ఐదేళ్ల కిందట మీ వాడకట్టులో ఒకళ్లు పిల్లను తెచ్చుకున్నారు. అప్పుడు నువ్వు వాకిట్లో నిలబడి, "ఎవలి గింజనో ఏమో, ఏం చెట్టయితదో" అన్నావు. లోపల గిన్నెలు కడుగుతూ వాసంతి విన్నది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అప్పటికి నీ చెవులు బాగానే ఉన్నాయి వదినా. నీ మాట నీకే వినిపించలేదు.

నీకు కోపం రావడం న్యాయమే. నా బిడ్డకు భయం వెయ్యడమూ న్యాయమే. ఇంతకంటే బతిమాలడం నాకు రాదు.

మొక్క బతికే ఉంది, కానీ కొత్త ఆకు వెయ్యడం లేదు. మట్టి మార్చాలన్నావు, ఏ మట్టో చెప్పలేదు.

వినోద

పరకాల
నవంబర్ 11

వినోదా,

నిన్న నేను వచ్చింది మొక్క కోసమే. ఇది ముందే రాసి పెడుతున్నాను, నువ్వు వాడకట్టంతా వేరే కథ చెప్పకముందే. చెరువు మట్టి సగం సంచి మోసుకుని బస్సెక్కితే కండక్టర్ సంచికి కూడా టికెట్ తీసుకోమన్నాడు. ఆదివారం వాసంతి, పిల్ల మీ ఇంట్లో ఉంటారని నాకు తెలియదు. తెలిసినా చెప్పను.

మట్టి మార్చేటప్పుడు చూశాను, వేరు తెల్లగా ఉంది. బతుకుతుంది. అన్నయ్యను దాని దగ్గరికి రానివ్వకు.

వాసంతికి నేనేమీ చెప్పలేకపోయాను. ఐదేళ్ల కిందటి మాట నేను అన్నానని నాకు గుర్తు కూడా లేదు. నాకు గుర్తు లేని మాటను నా కోడలు ఐదేళ్లు మోసింది. సిగ్గేసింది. నా చెయ్యి మట్టిలో ఉన్నందుకు బతికిపోయాను, తల వంచుకోవడానికి సాకు దొరికింది.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, ఒక సంగతి అడగాలి. నేను కుండీ పక్కన పీట మీద కూర్చున్నప్పుడు ఆ పిల్ల వచ్చింది కదా. నా కొంగు పట్టుకుని లాగింది. నా మొహంలో మొహం పెట్టి ఏదో అన్నది. మూడుసార్లు అన్నది, ప్రతిసారీ ఒకటే మాట. పెదవులు చూశాను, తెలియలేదు. వాసంతిని "ఏమంటాంది?" అని అడిగితే, "ఏం లేదు అత్తమ్మా" అన్నదని ఆమె చెయ్యి ఊపడం చూసి తెలుసుకున్నాను. నువ్వేమో మొహం తిప్పుకుని నవ్వుతున్నావు, భుజాలు కదలడం చూశాను.

పరకాల దాకా బస్సులో అదే ఆలోచన. నాయనమ్మా అన్నదా? ఏమన్నదో రాయి.

సారలమ్మ

కొత్తవాడ
నవంబర్ 17

వదినా,

రాయను.

వచ్చి విను. ఆ పిల్ల రోజుకు ముప్పై సార్లు అదే మాట అంటున్నది, తొందరేమీ లేదు.

వినోద

పరకాల
డిసెంబర్ 8

వినోద వదినకు,

ముందుగా ఒక మాట. నేను ఈ పని చేసింది నువ్వు పందెం గెలిచినందుకు కాదు. పందెం రద్దయిందని సెప్టెంబర్‌లోనే రాశాను, ఉత్తరం దాచుకున్నావు కదా, తీసి చూసుకో.

మొన్న సుదర్శన్‌ని పిలిపించుకుని హనుమకొండలో చెవి డాక్టర్ దగ్గరికి పోయాను. వాడు దారి పొడవునా నన్ను అనుమానంగా చూశాడు. మిషన్ పెట్టగానే మొదట వినిపించింది ఫ్యాను చప్పుడు. నాలుగేళ్లలో లోకం ఇంత గోల చేస్తున్నదని నాకు తెలియదు. రోడ్డు మీద హారన్లు వింటే మళ్లీ తీసేద్దామనిపించింది. తియ్యలేదు. నేరుగా వాళ్లింటికి తీసుకుపొమ్మన్నాను.

పిల్ల కింద కూర్చుని గిన్నె మీద గరిటెతో కొడుతున్నది. నన్ను చూసి లేచింది. వచ్చి, కొంగు పట్టుకుని, తలెత్తి చూసి అన్నది.

"పో!"

వదినా, పో అన్నది! నేను కదల్లేదు. మళ్లీ "పో! పో!" ఇందుకా నువ్వు మొహం తిప్పుకుని నవ్వింది? ఇందుకా నేను నెల రోజులు నిద్ర పాడుచేసుకుని నాయనమ్మా అన్నదేమో అని పొంగిపోయింది? వాసంతి పరుగెత్తుకొచ్చి, "అందరిని గట్లనే అంటది అత్తమ్మా, ఏమనుకోకుండ్రి" అన్నది. ఆమె గొంతు వణకడం కూడా విన్నాను. నా కోడలి గొంతు ఎట్లా ఉంటుందో మరిచిపోయాను వదినా. ఎంత మెత్తటి గొంతు!

నేను కాపురానికి వచ్చిన రోజు మా అత్త గడప లోపల నిలబడి నాతో అన్న మొదటి మాట అదే. "పో, కాళ్లు కడుక్కొని రాపో." తర్వాత ఇరవై ఏళ్లు ఆమెకు నాతో వేరే మాట లేదు. పొయ్యి దగ్గర నుంచి పో, తోటలోకి పో, ఆఖరికి మంచం పట్టినప్పుడు కూడా పో అంటూనే నా చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకున్నది. ఈ పిల్లా అంతే. నోటితో పో అంటున్నది, కొంగు మాత్రం వదలదు. అరగంట నిలబడ్డాను, వదల్లేదు. కాళ్లు నొప్పి పుట్టి కింద కూర్చుంటే వచ్చి ఒళ్లో కూర్చుని, మిషన్ పీకబోయింది. ఎవరి గింజ అయితే ఏం, మా అత్త మళ్లీ వచ్చి నా ఒళ్లో కూర్చున్నది. నవ్వాను, ఏడ్చాను, రెండూ నాకే పెద్దగా వినిపించాయి.

వాసంతికి అప్పుడు చెప్పాను, "తప్పు మాట అన్న బిడ్డా, మనసుల పెట్టుకోకు" అని. ఆమె ఏమన్నదో నీకు రాయను. నువ్వు నాకు రాయలేదు కదా.

మొక్క సంగతి. నవంబర్‌లో నేను వచ్చినప్పుడు బొడ్లో అంటు కత్తి ఉంది, సంచిలో మా మంచి చెట్టు కొమ్మ తడిగుడ్డలో చుట్టి ఉంది. నీ గింజ మొక్క తల కోసి నా కొమ్మ కట్టి, దాన్ని మా జాతిలో కలిపేసుకుందామని వచ్చాను. దెబ్బతిన్న మొక్క తట్టుకోదని ఆ రోజు ఆగాను. ఇప్పుడు తట్టుకున్నా కట్టను. దానికేది కాయాలనిపిస్తే అదే కాయనీ. నలభై ఏళ్లలో ఒక్క గింజ మొక్కను కూడా దాని ఇష్టానికి పెరగనివ్వలేదు, అది ఏం కాస్తుందో చూడాలని ఉంది. ఆరేడేళ్లు పడుతుంది. నేనైతే ఉంటాను. పులుపు కాస్తే ఆవకాయ, పీచు కాస్తే రసం. వానాకాలం రాగానే సుదర్శన్ వాళ్లింటి వెనక నేలలో పెడదాం, నీ కుండీలో ఎంతకాలం? అక్కడైతే మీ ఆయన రంగు నీళ్లు కూడా అందవు.

బయలుదేరేటప్పుడు సుదర్శన్ గేటు దగ్గర ఆపాడు. "అమ్మా, పిల్ల సంగతి ఏమంటవ్?" అన్నాడు, కళ్లు కిందికి దించుకుని. మిషన్ సరిగ్గా సర్దుకుని, మళ్లీ అడగమన్నాను. మళ్లీ అడిగాడు. ఒక్కొక్క అక్షరం విన్నాను.

"మంచిదే" అన్నాను.

ఇక కాగితాలు ఖరాబు చెయ్యకు. ఫోన్ చెయ్యి. అరవకు.

సారలమ్మ